అద్దానికి చుక్క

నమోదు 1. వేడిపెట్టెకి మిగిలిన రోజులు: 64

ఈ పుస్తకం కిరణం గదిది. నాకు ముందు రాసినవాళ్ళు రోజుకి రెండేసి వరుసలు రాశారు. "కిరణం నలభై కిలోవాట్లు. దుమ్ము తుడిచాం." ముప్పై ఏళ్ళుగా అదే. నమోదు పుస్తకంలో చూసింది రాయాలి, అనిపించింది రాయకూడదు అని బడిలో సిస్టర్ బెనిగ్నా చెప్పేవారు. ప్రయత్నిస్తాను.

చూసింది: ఉదయం రాజారత్నం గారు పిలిచారు. ఈ గట్టు మీద కిరణానికి ఆయనే పెద్ద.

"ఏమ్మా ఆగ్నేసూ, లోయలో వేడిపెట్టె ఆరిపోతోందంట. ఇంకా అరవై నాలుగు రోజులు. ఆ తర్వాత వాళ్ళకి మన కిరణమే గతి. నలభై చాలదు, అరవై కావాలి. నువ్వు లెక్కలు చదివావుగా, చూడు."

నేను తల ఊపాను.

"నోరు తెరిచి చెప్పు తల్లీ. తల ఊపితే ఆ పుస్తకంలోకెట్టా ఎక్కుద్ది?"

"అలాగే సార్."

చంద్రుడి ధ్రువం దగ్గర మా గట్టు మీద ఎండ అంచుల వెంట పాకుతూనే ఉంటుంది, పూర్తిగా మునగదు. పదకొండు కిలోమీటర్ల కింద ఉన్న లోయలో ఎండ ఎన్నడూ పడలేదు. అందుకే అక్కడ మంచు ఉంది. ఆ మంచు కోసం ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళ మంచు గొలుసుకి వేలాడే తొట్టిలో పైకి వస్తుంది. మా ఎండ కిరణమై కిందికి పోతుంది. పొద్దున నేను మొహం కడుక్కునేది వాళ్ళు తవ్విన నీళ్ళతోనే.

అరవై రాకపోతే లోయ మూసేస్తారు. మనుషుల్ని మూడు స్టేషన్లకి పంచేస్తారు.

నమోదు 2. మిగిలింది: 63

అద్దాల గదిలోకి వెళ్ళేముందు ముఖం, చేతులు తడిగుడ్డతో మూడుసార్లు తుడుచుకోవాలి. పౌడరు, కాటుక, బొట్టు ఏవీ ఉండకూడదు. తుడుచుకుని వెళ్ళాను.

కిరణం పుట్టే మా దీపం చూడ్డానికి చిన్నది. రెండు అద్దాలు ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో మణికట్టంత లావు గాజు కడ్డీ. పలకల మీద పడ్డ ఎండ కరెంటై ఆ కడ్డీకి బలమిస్తుంది. వెలుగు రెండు అద్దాల మధ్య అటూ ఇటూ పరిగెడుతూ, కడ్డీ దాటిన ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. ముందున్న అద్దం పదో వంతు వెలుగుని బయటికి వదులుతుంది. అదే కిరణం.

కరెంటు పెంచి చూశాను. నలభై నాలుగు దాకా పెరిగింది. కడ్డీ నడుమ వేడెక్కింది. వేడెక్కిన గాజు భూతద్దంలా పనిచేసి వెలుగుని ఇంకా సన్నం చేసింది. ముప్పై ఎనిమిదికి పడిపోయింది. ఆపేశాను.

కనుక్కున్నది: అంత లావు కడ్డీలో వెలుగు నడిచే దారి చిటికెన వేలంతే ఉంది. మిగతా గాజంతా ఊరికే కూర్చుంది. దారి వెడల్పు చెయ్యాలి. దానికి వెనక అద్దం లోతు మార్చాలి. అరచేయంత అద్దాలకి పనికొచ్చే గాజు బిళ్ళలు రెండే ఉన్నాయి, రెండూ లోయలోనే. తర్వాతి ఓడ ఐదు నెలలకి.

నమోదు 5. మిగిలింది: 60

లోయలో అద్దాలు నూరే మెరుగు కొట్టుకి ఫోన్ చేశాను. అక్కడ పైడమ్మ గారు ఉంటారు. ముప్పై ఏళ్ళుగా మా అద్దాలన్నీ ఆవిడ చేతివే. నేను ఎప్పుడూ చూడలేదు. లోయ నించి మంచు వస్తుంది గానీ మనుషులెవరూ పైకి రారు.

చెప్పాల్సింది కాగితం మీద రాసుకుని రెండుసార్లు చదువుకుని చేశాను.

"ఎవులది?"

"కిరణం గది నించి. ఆగ్నేసు. కొత్త అద్దానికి అంకెలు చెప్పాలండి."

"ఓలమ్మ, గొంతు ఎక్కడ దాసీసినావే? మా తొట్టి గొలుసు నీకన్నా గట్టిగా అరుస్తాది. ఎన్నేళ్ళు నీకు?"

"ఇరవై మూడండి."

"సరే సెప్పు. ఒక్కో అంకె. నాను తిరిగి సెప్తాను."

లోతు, వెడల్పు, ఎంత తేడా వరకు ఫరవాలేదో చెప్పాను. ఒక్కటి కూడా తప్పు పోకుండా తిరిగి చెప్పింది.

"అయిపోనాయా? ఫోనెట్టీకు. గాజు మీద సెయ్యి ఆడించినంతసేపూ సెవికి తోడుండాల. ఏటైనా సదువు."

నా దగ్గర బడి భూగోళం వాచకం ఉంది. వానల పాఠం చదివాను. నేను పుట్టింది ఈ గట్టు మీదే. వాన పుస్తకంలోనే చూశాను.

"ఆ పుస్తకం రాసినోడు ఎప్పుడైనా తడిసాడేటి?" అంది పైడమ్మ గారు. "వానకి ముందు మా ఊర్ల సేపల వాసనొచ్చీది. అది రాయనేదా?"

లేదన్నాను.

"మరేటి పుస్తకం. సదువు, సదువు."

నమోదు 12. మిగిలింది: 53

కిరణం నలభై. దుమ్ము తుడిచాను.

రోజూ ఉదయం రెండు గంటలు చదువుతున్నాను. నదులు అయ్యాయి, నేలలు అయ్యాయి. చేప వాసన సంగతి వాచకం పక్కన పెన్సిల్‌తో రాసి పెట్టాను. పైడమ్మ గారు నన్ను "గుంటా" అంటుంది. వాళ్ళ వైపు ఆడపిల్లని అలాగే అంటారట. నన్ను ఇంతవరకు అందరూ పేరుతోనే పిలిచారు. నేను మామ్మా అనడం మొదలుపెట్టాను. ఎప్పుడు మొదలైందో రాసి పెట్టుకోలేదు.

నమోదు 19. మిగిలింది: 46

అద్దం పూర్తయింది. లోయ నించి పరీక్ష బొమ్మ వచ్చింది. మంచి అద్దమైతే ఆ బొమ్మలో చారలు తిన్నగా ఉండాలి. ఈ చారలు రూళ్ళకర్ర పెట్టి గీసినట్టున్నాయి. చాలాసేపు చూశాను.

నేను ఎవరినీ పొగడను. ఎలా మొదలుపెట్టాలో తెలీదు. ఇవాళ ఫోన్‌లో అనేశాను.

"మామ్మా, ఎంత బాగుందో. ఇంత అందమైన అద్దం నేను ఎప్పుడూ చూడలేదు."

గాజు మీద చెయ్యి ఆడే చప్పుడు ఆగింది.

"ఊఁ," అంది. "సరే మరి." పెట్టేసింది.

తప్పుగా అన్నానేమో.

నమోదు 22. మిగిలింది: 43

తొట్టిలో పెట్టె వచ్చింది. దూది పొరల మధ్య అద్దం, పక్కన చిన్న పొట్లంలో బెల్లం ఉండ. అద్దాల పెట్టెలో తిండి పెట్టకూడదని నియమం. రాజారత్నం గారు ఆ బెల్లాన్ని రెండు ముక్కలు చేసి, "సాక్ష్యం మాయం చెయ్యి," అని నాకో ముక్క ఇచ్చారు.

అన్ని అద్దాలకి ఉన్నట్టే దీనికీ అంచున నల్లచుక్క ఉంది. అది పై గుర్తు. "చుక్క పైకి ఉండేలా బిగించాలి" అని మా నియమాల పుస్తకంలో ఉంది. నమూనా ప్రకారం నడుమ నించి నలభై ఒక్క మిల్లీమీటర్ల దూరంలో, ఆవగింజలో సగం ఉండాలి. ఇది ముప్పై రెండులోనే ఉంది. మిరియపు గింజంత ఉంది.

కొత్త వెలుగు అంచు ముప్పై ఐదు దాకా వస్తుంది.

అడగాలనుకున్నాను. ప్రశ్న కాగితం మీద రాసుకున్నాను. ఆ రోజు ఫోన్ అలా పెట్టేసింది కదా, మళ్ళీ తప్పుగా అంటానేమోనని భయమేసింది. అంచున వెలుగు పలచనే, ఫరవాలేదనుకున్నాను. కాగితం మడిచి వాచకంలో పెట్టాను.

నమోదు 23. మిగిలింది: 42

వెలిగించాం. నలభై ఒకటి. నలభై ఏడు. యాభై రెండు. రాజారత్నం గారు కుర్చీలోంచి లేచారు. యాభై ఐదు.

అన్నం నములుతుంటే పంటి కింద రాయి పడ్డట్టు చిన్న చప్పుడు. అంకె సున్నా అయింది.

పాత అద్దం తిరిగి బిగించేసరికి ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ లోయ మొత్తం అరకొర వేడిపెట్టె మీదే ఉంది. ముప్పై ఎనిమిది మందీ ఒకే గదిలో కూర్చున్నారట.

నమోదు 24. మిగిలింది: 41

పగులు చుక్క దగ్గర మొదలై అంచుదాకా పోయింది. చుక్క మసి. మసి వెలుగు తాగింది, కాగింది, గాజు చిట్లింది.

ఫోన్ చేశాను. ఈసారి కాగితం రాసుకోలేదు.

"మామ్మా, పై గుర్తు ఎందుకు అంత లోపలికి పెట్టావు?"

"పై గుర్తేటి?"

"నల్లచుక్క."

"అదా? అది దిస్టి సుక్క. ముప్పై ఏళ్ళ నించి ఎడతన్నాను. మీకు తెల్దేటి?"

"మాకు... అది పైకి ఉండాలని మా పుస్తకంలో ఉంది."

"ఎవుడు రాసినాడో." మెల్లగా అంది. "ఎప్పుడూ సిన్నదే ఎడతాను. మరి నువ్వంత మాటన్నావు. ఇంత అందమైంది సూడనేదన్నావు. అంత మాటన్నాక ఆవగింజ సుక్క సాల్తాదేటే?"

నేను పగిలిన ముక్కల్ని ఒక దగ్గరికి చేర్చాను.

"ముక్కలు పారీకండి," అంది. "కిందికి పంపీండి."

పంపాను.

నమోదు 26. మిగిలింది: 39

రాజారత్నం గారికి చెప్పాను. మొదట పడీ పడీ నవ్వారు. "ముప్పై ఏళ్ళ నించి దిష్టిచుక్కని కొలత పెట్టి బిగిస్తన్నామా మనం! మా గురువు గారు నాకు అద్దం చేతికిచ్చి, చుక్క పైకి, చుక్క పైకి అని పాఠం చెప్పాడమ్మా." తర్వాత నవ్వడం ఆపారు.

"ఒకటే బిళ్ళ మిగిలింది. చుక్క వద్దని చెప్పు."

చెప్పాను.

"సుక్క నేకుండా నాను అద్దం పంపను," అంది పైడమ్మ మామ్మ.

"వెనక వైపు పెట్టు మామ్మా. అక్కడ వెలుగు పడదు."

"పిల్లకి ఈపు మీద ఎడతారేటే? దిస్టి ముందర తగుల్తాది. సూసినోడి కన్ను ముందల దాని మీద పడాల. అందుకే కదా సుక్క."

"నువ్వు నిజంగా నమ్ముతావా?"

"నమ్మకమో కాదో నాకే తెల్దు గుంటా. మాయమ్మ నాకెట్టింది. నాకు పిల్లల్నేరు, వీటికెడతాను. ఎట్టకపోతే ఏటో, మొకం కడక్కుండా బడికి పంపినట్టుంటాది."

ఈ మాటలు రాజారత్నం గారికి అలాగే చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నారు.

"సరే, పెట్టనీ. పైకి వచ్చాక మనం గీకేద్దాం. ఆమెకెట్టా తెలుస్తది?"

"నాకు తెలుస్తుంది సార్."

కొంచెం గట్టిగానే వచ్చింది గొంతు. ఆయన నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"లోయ మూసేస్తే ఆమె చుక్కలు పెట్టేదానికి అద్దాలే ఉండవమ్మా," అన్నారు నెమ్మదిగా. "తొమ్మిది రోజులిస్తన్నా. ఏదన్నా కనిపెట్టు. లేకపోతే గీకుడే."

నమోదు 30. మిగిలింది: 35

కిరణం నలభై. దుమ్ము తుడిచాను. పద్నాలుగు నమూనాలు గీశాను. వెలుగు సన్నగా ఉంటే చుక్కకి తగలదు, బలం రాదు. వెడల్పుగా ఉంటే బలం వస్తుంది, చుక్కకి తగులుతుంది. పద్నాలుగూ కొట్టేశాను.

నమోదు 31. మిగిలింది: 34

పని ఆగినా చదవడం ఆగలేదు. "సెయ్యి ఖాళీగా ఉన్నా సెవి ఖాళీగా ఉండకూడదు," అంది మామ్మ. ఇవాళ గ్రహణాల పాఠం. కంకణ గ్రహణం బొమ్మ ఉంది. నడుమ నల్లటి బిళ్ళ, చుట్టూ వెలుగు ఉంగరం. భూమ్మీద నిలబడి చూస్తే సూర్యుడికి చంద్రుడు అడ్డం వచ్చినప్పుడు అలా కనిపిస్తుందని రాశారు.

"అయితే ఆ నల్ల బిళ్ళ మీద ఉన్నది మనవే," అంది మామ్మ. "అక్కడోళ్ళకి మనం అడ్డం."

"అవును."

"మనకి ఇటేపు సీకటి. మన సుట్టూ పోయింది వాళ్ళకి ఉంగరం. బావుంది."

నేను చదవడం ఆపేశాను.

"ఏటే? ఉన్నావా?"

"ఉన్నాను మామ్మా. మళ్ళీ చేస్తాను."

మొదటిసారి నేనే ముందు ఫోన్ పెట్టేశాను.

నమోదు 35. మిగిలింది: 30

నాలుగు రోజుల లెక్క ఇది. ముప్పై ఏళ్ళుగా మేం వెలుగుని ముందు అద్దంలోంచి వడకట్టి బయటికి తీస్తున్నాం. అలా కాకుండా పొర్లనివ్వొచ్చు. వెనక పెద్ద అద్దం, లోపలికి పల్లంగా. ముందు చిన్న అద్దం, రెండు వేళ్ళ వెడల్పు, కడ్డీ వైపుకి ఉబ్బుగా. దేనిలోంచీ వెలుగు దాటదు. చిన్నదానికి తగిలిన వెలుగు ప్రతిసారీ కొంచెం విచ్చుకుని, కడ్డీ అంతా నింపి, చివరికి చిన్న అద్దం చుట్టూ పొర్లి ఉంగరంలా బయటపడుతుంది. గాజులో ఏ భాగమూ ఊరికే కూర్చోదు. లెక్కకి అరవై రెండు వస్తోంది. పదకొండు కిలోమీటర్లు పోయేసరికి వెలుగు పక్కకి పాకి ఉంగరం నడుమ ఖాళీ నిండిపోతుంది.

గడువు ఇవాళ్టితో ముగిసింది. రాజారత్నం గారు లెక్క మూడుసార్లు చూశారు. ఫోన్ నా వైపు జరిపారు.

"మామ్మా, చుక్కకి చోటు దొరికింది."

"ఎక్కడ?"

"ముందు చిన్న అద్దం ఉంటుంది. దాని లోపలి ముఖం వెలుగు వైపు. బయటి ముఖం మీ లోయ వైపు. ఆ బయటి ముఖం మీద వెలుగు ఒక్క పిసరు కూడా పడదు. చుట్టూ పోతుంది. దాని నడిమధ్యలో పెట్టు. ఎంత పెద్దదైనా పెట్టు."

"అంటే నాను కిందనించి సూస్తే..."

"దీపంలో ముందు కనపడేది అదే."

"నడినుదుట."

"అవును."

"మరి ఎనకాల పెద్దదానికో?"

దీనికి లెక్కలో జవాబు లేదు. కొంచెం ఆలోచించి చెప్పాను. "అది చిన్నదాని వెనకే నిలబడి ఉంటుంది మామ్మా. ఎత్తుకున్నట్టు."

నవ్వింది. ఆ నవ్వు నేను ముందెప్పుడూ వినలేదు. "పిల్లకెడితే సాల్లే. ఎత్తుకున్న తల్లికెవులెడతారు. అయితే గుంటా, పెద్దదానికి బిళ్ళ ఉంది. సిన్నదానికి గాజు ఏదే?"

"అదే అడగాలి. పగిలిన అద్దంలో బాగున్న వైపు నించి ముక్క వస్తుందా?"

"పగిలింది వచ్చినకాడి నించి గుండ్రంగా సెక్కుతూనే ఉన్నాను," అంది. "ఎందుకో తెల్దు. పారీడానికి మనసొప్పనేదు. అంకెలు సెప్పు."

నమోదు 48. మిగిలింది: 17

వాచకం అయిపోయింది. మళ్ళీ వానల పాఠం నించి మొదలుపెట్టాను. పెన్సిల్‌తో రాసింది కూడా కలిపి చదివాను. ఆ పేజీ అయ్యాక, "ఇప్పుడు బావుంది," అంది మామ్మ.

లోయలో మూడు గదులకి వేడి ఆపేశారు. మెరుగు కొట్టుకి ఆపొద్దని అందరూ కలిసి నిర్ణయించుకున్నారట. మామ్మ చేతులు చల్లబడకూడదని.

నమోదు 59. మిగిలింది: 6

రెండు పెట్టెలు వచ్చాయి. బెల్లం లేదు. అక్కడ బెల్లం అయిపోయింది.

పెద్ద అద్దం మీద ఎక్కడా ఏ గుర్తూ లేదు. చిన్నది అరచేతిలో పెట్టుకుని తిప్పాను. బయటి ముఖం నడుమ నల్లచుక్క. బొటనవేలి చివరంత ఉంది. దగ్గరగా చూస్తే అందులో వేలి గీతలు ఉన్నాయి.

"చుక్క పైకి," అన్నారు రాజారత్నం గారు అలవాటుగా. అని ఆగారు. "ఇప్పుడు పైకేది, కిందికేది!"

చిన్న అద్దాన్ని మూడు సన్నని కాళ్ళ మీద కడ్డీకి ఎదురుగా నిలబెట్టాం.

నమోదు 60. మిగిలింది: 5

లోయ అంతా ఫోన్ దగ్గరే ఉంది. దగ్గులు వినపడుతున్నాయి. నేను కరెంటు పెంచాను. రాజారత్నం గారు అంకెలు చదివారు.

ముప్పై. నలభై నాలుగు. యాభై.

యాభై ఐదు దగ్గర నా చెయ్యి ఆగింది.

"తిప్పే గుంటా," అంది ఫోన్‌లోంచి మామ్మ. "దానికి సుక్కుంది."

తిప్పాను. యాభై ఎనిమిది. అరవై. అరవై మూడు.

అక్కడే నిలబడింది. గంటసేపు చూశాం. చిన్న అద్దం బయటి ముఖం చల్లగానే ఉంది. కింద కిరణం పట్టే పలక మీద వెలుగు నిండుగా పడుతోందని, ఎక్కడా మచ్చ లేదని లోయ వాళ్ళు చెప్పారు. తర్వాత వాళ్ళు మూసిన గదులు ఒక్కొక్కటే తెరిచారు. తలుపుల చప్పుడు విన్నాం.

రాజారత్నం గారు ఫోన్ తీసుకున్నారు. "వింటన్నారా అందరూ? ఇది చేసింది మా ఆగ్నేసు. నోట్లోంచి మాట రాదు గానీ, ఇంత తెలివైన పిల్ల ఈ గట్టు మీద ఇంతవరకు పుట్టలేదు. ముప్పై ఏళ్ళలో ఎవ్వరూ..."

"సాల్లే బాబూ, నోరు ముయ్యి!" మామ్మ అరిచింది. "అంత మాట అలగ పైకి అనీడవేనా? రేపు తొట్టిలో గుంటని కిందికి పంపు. ఆలీసం సెయ్యకు."

నమోదు 62. మిగిలింది: అక్కర్లేదు

నిన్న లోయకి వెళ్ళాను. తొట్టి దిగడానికి నాలుగు గంటలు పట్టింది. సగం దారిలో ఎండ ఆగిపోయింది. తర్వాత పైన మా దీపం ఒక్కటే. కిరణం కంటికి కనపడదు, దారి చూపే ఆకుపచ్చ దీపమే కనిపిస్తుంది. నేను దాన్ని కింద నించి ఎప్పుడూ చూడలేదు.

మామ్మ గొంతుని బట్టి పొడుగాటి మనిషి అనుకున్నాను. నా భుజం దాకానే ఉంది. చేతులు మాత్రం పెద్దవి. నేను ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని వెళ్ళాను. తియ్యలేదు. ఆవిడ నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, అద్దాన్ని చూసినట్టు చూసింది. తర్వాత బల్ల మీద మసి చిప్పలో బొటనవేలు ముంచింది.

ఇవాళ ఉదయం గట్టు మీదికి తిరిగి వచ్చాను. కిరణం అరవై మూడు. దుమ్ము తుడిచాను.

నియమం ప్రకారం అద్దాల గదిలోకి వెళ్ళేముందు ముఖం మూడుసార్లు తుడుచుకోవాలి. తడిగుడ్డ తీసుకుని తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. రాజారత్నం గారు నా ఎడమ చెంప చూశారు. గుడ్డ నా చేతిలోంచి తీసుకున్నారు.

"ఇయాల గది నేను చూసుకుంటాలే," అన్నారు.

గదిలోకి రేపు వెళ్తాను.